ఇంటి ప్లానులు గీయు కంప్యూటరుకు తగిన గ్రాఫిక్స్ కార్డు

కుప్పమునుండి ఒక పెద్దమనిషి వ్రాసిన జాబు ఇటీవల మా కార్యాలయమునకు వచ్చినది. ఆయన మల్బరీ తోట వేసి పట్టుపురుగులు పెంచు రైతు. కుమార్తె సివిల్ ఇంజనీరింగులో డిప్లొమా పూర్తిచేసి, ఇంటివద్దనే ఉండి, చుట్టుప్రక్కల కట్టబోవు ఇండ్లకు ప్లానులు గీయుచున్నది. ఆమెకొక పాత కంప్యూటరు ఉన్నది. ఏదో ఆఫీసులో కొన్నేండ్లు వాడి అమ్మివేసిన సన్నపు పెట్టె అది. ఈ మధ్య ప్లానుతోబాటు ఇంటి ముఖభాగమును రంగులతో, నీడలతో, ఫోటోవలె కనబడునట్లు చేసి ఇమ్మని అడుగువారు ఎక్కువైనారట. దానికి వారు పెట్టుకొన్న పేరు ‘త్రీడీ ఎలివేషన్’. ఆ పని మొదలిడగానే కంప్యూటరు మొరాయించినది. దుకాణములో అడుగగా, గ్రాఫిక్స్ కార్డు లేకపోవుటచేతనే ఈ అవస్థ అని చెప్పి, 12 జి.బి. కార్డు ఒకటి చూపించి, అరువదివేల రూపాయలు అన్నారట. గూళ్ళు అమ్మిన డబ్బు చేతిలో ఉన్నది. జాబు చివర ఆయన వ్రాసిన మాటలివి: “అయ్యా, బిడ్డకు పని జరగాల, మాకు అప్పు కాగూడదు. ఆ కార్డు కొంటే మా పెట్టెలో పని చేస్తుందా?”

ఇట్టి ప్రశ్న అడుగువారు అనేకులు ‘ఏ కార్డు మంచిది?’ అని అడుగుదురు. ఆ రైతు ‘మా పెట్టెలో పని చేయునా?’ అని అడిగినారు. అడుగవలసిన విధము అదియే. మదనపల్లెలోను, పుంగనూరులోను ఇదే పనిలో ఉన్న యువతీయువకులు ఉందురు గనుక, ఆ జాబుకు సమాధానమును నేడు అందరి యెదుటను చెప్పదలచితిని.

మొదట కార్డు చేయు పని యేమో చూతము. సాధారణమైన కంప్యూటరు తెరమీద అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉండును. మొత్తము 20,73,600. బొమ్మ కదలుచున్నట్లు కనబడుటకు సెకనుకు 60 మారులు ఈ చుక్కలన్నిటి రంగును నిర్ణయింపవలెను. అనగా సెకనుకు 12 కోట్ల 44 లక్షల నిర్ణయములు. ప్రతి నిర్ణయమును చిన్నదే; కాని సంఖ్య పెద్దది. కంప్యూటరులోని ప్రాసెసరు మహాపండితుని వంటిది. ఎంత చిక్కులెక్కనైనను చేయును, కాని ఒక్కడే, లేదా నలుగురైదుగురే. నాట్లు వేయవలసిన మడిలో నలుగురు పండితులకన్న నూరుమంది కూలీలు మేలు గదా! గ్రాఫిక్స్ కార్డు అట్టి కూలీల గుంపు. చిన్న తరగతిదైన ఆర్‌టిఎక్స్ 3050, 6 జి.బి. కార్డులోనే ఇట్టి లెక్క విభాగములు 2304 ఉన్నవి.

కంప్యూటరు తెరమీద బొమ్మ గీయుట 1963లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఐవన్ సదర్లాండు తన పరిశోధనకై రచించిన స్కెచ్‌పాడ్‌తో ఒక దారికి వచ్చినది. 1982లో ఆటోక్యాడ్ వెలువడి, ఆ విద్యను గదిని నింపు యంత్రములనుండి మేజామీది పెట్టెకు తెచ్చినది. 1999లో ఎన్విడియా కంపెనీ జీఫోర్స్ 256 అను కార్డును విడుదలచేసి, దానిని జి.పి.యు. అను పేరుతో ప్రచారము చేసినది. అది ముఖ్యముగా ఆటలు ఆడుకొనువారి కొరకు వచ్చిన సరుకు. నేటికిని దుకాణములలో కార్డును ఆటల వేగముతో కొలిచి చెప్పుట మానలేదు. ప్లాను గీయువారికి ఆ కొలత సగమే పనికివచ్చును.

ఎందువలన ననగా ప్లాను గీయువారి పని రెండు విధములు. నేలమట్టపు ప్లాను, గోడల మందము, తలుపులు, కిటికీలు, మెట్లు, నీటితొట్టి, ఈశాన్యమూల, ఇవన్నియు కేవలము గీతలు. పురపాలక సంఘమునకు అనుమతికై పంపునవి ఈ గీతలే. కుప్పము పురపాలక సంఘమై, 2021లో తొలి ఎన్నికలు జరుపుకొన్నది; అట్టి ఊళ్ళలో కొలతలు సరిగా ఉన్న ప్లానుకు నానాటికి గిరాకి. ఈ గీతల పనికి పెద్ద కార్డు అక్కరలేదు. రెండవ విధము, ఇల్లు కట్టకముందే కట్టినట్లు చూపుట. కార్డుతో నిజమైన పని ఇక్కడనే పడును.

ఈ తేడాను తయారీదారులే అంకెలలో చెప్పియున్నారు. ఆటోక్యాడ్ 2024 కూర్పునకు కనీసము 2 జి.బి. జ్ఞాపకము, సెకనుకు 29 జి.బి. రాకపోకల వేగము, డైరెక్ట్ఎక్స్ 11 అనుకూలత కలిగిన గ్రాఫిక్స్ చాలుననిరి. సిఫారసు మాత్రము 8 జి.బి., సెకనుకు 106 జి.బి., డైరెక్ట్ఎక్స్ 12. రెవిట్ కనీసము 4 జి.బి. కోరును. ఎన్‌స్కేప్ వంటి దృశ్యచిత్రణ సాధనమును 4 జి.బి.తో మొదలుపెట్టును. ల్యూమియన్ వారు కార్డు పేరు చెప్పుటతో సరిపెట్టక, పాస్‌మార్క్ అను పరీక్షలో ఇన్ని మార్కులు రావలెనని చెప్పుదురు. ఇది మెచ్చదగిన పద్ధతి. కార్డుల పేర్లు ఏటేట మారును గాని, మార్కులు పోల్చుకొనుట సులభము.

పై అంకెలలో రాకపోకల వేగము అను దానిని చాలమంది చూడక విడిచిపెట్టుదురు. కుప్పము అమ్మాయి కష్టములో సగము అక్కడనే ఉన్నదని నాకు తోచినది. విడిగా కార్డు లేని కంప్యూటరులో బొమ్మల పనిని ప్రాసెసరులోనే ఇమిడియున్న చిన్న గ్రాఫిక్స్ భాగము చేయును. దానికి సొంత జ్ఞాపకము లేదు. కంప్యూటరు ర్యాములోనే పాలు పంచుకొనును. ఆమె పెట్టెలో డి.డి.ఆర్. 4, 2666 వేగపు ర్యాము 8 జి.బి. పలక ఒక్కటే ఉన్నదని జాబులో వ్రాసియున్నారు. అట్టి ఒక పలక సెకనుకు సుమారు 21 జి.బి. మాత్రమే అందింపగలదు. ఆటోక్యాడ్ కోరిన కనీసము 29. ప్రక్కన ఖాళీగా ఉన్న గాడిలో అదే వేగముగల రెండవ పలక పెట్టినచో రెండును జంటగా పనిచేసి సుమారు 42 జి.బి. అందించును. అందులో ప్రాసెసరు వాడుకొను భాగము పోగా మిగిలినది కూడ మునుపటికన్న మేలే. ర్యాము 16 జి.బి. అగును, వేగము రెట్టింపగును. దీనికగు ఖర్చు ఆ అరువదివేలలో చిన్న వంతు. దానితోబాటు తిరుగుడు హార్డుడిస్కు స్థానమున ఎస్.ఎస్.డి. పెట్టించినచో ఫైలు తెరచుటకు పట్టు కాలము తగ్గును. ఈ రెండింటికిని గ్రాఫిక్స్ కార్డుతో సంబంధము లేదు. కాని ‘కార్డు లేకనే ఈ అవస్థ’ అన్న మాటలో ఎక్కువపాలు ఈ రెండింటికే చెందును.

ఇక ఎలివేషను సంగతి. కుప్పము పచ్చరాయి ఊరు. ‘కుప్పం గ్రీన్’ అను పేరుతో ఆ గ్రానైటు దూరదేశములకు పోవుచున్నది. కనుక అక్కడ ఇల్లు కట్టుకొనువారు మెట్లమీద, అరుగుమీద, స్తంభములమీద ఆ రాయి ఎట్లుండునో ముందుగా చూపుమందురు. చూపవలెనన్న రాతి ఫోటోను ఆ గోడకు కప్పవలెను. ఆ ఫోటో అడ్డము 4096, నిలువు 4096 చుక్కలదైనచో, చుక్కకు 4 బైట్ల చొప్పున 64 ఎం.బి. పట్టును. రంగు కొకటి, గరుకు కొకటి, మెరుపు కొకటి, ఇట్లు ఒక్కొక్క రాతికి మూడు పొరలు కావలసియుండును: 192 ఎం.బి. ఇట్టి రాళ్ళు, పెంకులు, చెక్కలు, గడ్డి, అన్నియు కలిసి ఇరువది రకములైనచో 3,840 ఎం.బి. 4 జి.బి. కార్డు ఇక్కడనే నిండినది. చెట్లు, కారు, ఆకాశము ఇంకను రాలేదు. కొన్ని సాఫ్ట్‌వేరులు ఈ ఫోటోలను కుదించి దాచుకొనును గనుక లెక్క కొంత తగ్గవచ్చును గాని, దారి ఇదియే. కార్డుకు ఎన్ని జి.బి. ఉండవలెనన్న ప్రశ్నకు మూలము ఈ రాతి ఫోటోలలో ఉన్నది.

ఈ లెక్కయే ఇంకొక ఉపాయమును చెప్పును. అదే ఫోటోను 2048 చుక్కలదిగా తగ్గించినచో 64 ఎం.బి. 16 అగును. ఇరువది రకములకు 960 ఎం.బి. చాలును. తెరమీద రెండు వందల చుక్కల వెడల్పుగా కనబడు మెట్టుకు 4096 చుక్కల ఫోటో ఎందులకు? వాకిలి గడపవంటి దగ్గరి వస్తువుకు మాత్రము పెద్ద ఫోటో ఉంచి, తక్కినవాటికి చిన్నవి పెట్టినచో చూచువారికి తేడా తెలియదు. ఈ పొదుపు నేర్చినవారికి చిన్న కార్డు పెద్ద కార్డువలె పనిచేయును. నేర్వనివారికి 12 జి.బి. కూడ చాలదు.

ఇప్పుడు ఆ తండ్రి ప్రశ్నకు వచ్చెదను. దుకాణమువారు చూపిన కార్డు ఆర్‌టిఎక్స్ 4070. అది 2023లో వచ్చినది, 12 జి.బి. జ్ఞాపకము, సెకనుకు 504 జి.బి. వేగము. మంచి కార్డు, సందేహము లేదు. కాని అది 200 వాట్ల విద్యుత్తు తినును. దానిని వాడుటకు కంప్యూటరులో 650 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. ఉండవలెనని తయారీదారు సలహా. కుప్పము పెట్టెలో ఉన్న ఎస్.ఎం.పి.ఎస్. మీది చీటీ 240 వాట్లని చెప్పుచున్నదట. అంతేకాదు, మదర్‌బోర్డుమీది గాడి కార్డుకు 75 వాట్లవరకే ఇయ్యగలదు. అంతకు మించి కావలసినచో ఎస్.ఎం.పి.ఎస్. నుండి వేరే తీగ రావలెను. ఆఫీసు పెట్టెలలో ఆ తీగ సాధారణముగా ఉండదు. పైగా కార్డు నిడివి సుమారు 24 సెంటీమీటర్లు, మందము రెండు గాళ్ళు, ఎత్తు 12 సెంటీమీటర్ల పట్టీకి సరిపడునది. సన్నపు పెట్టెలో 8 సెంటీమీటర్ల సగముపట్టీ కార్డు మాత్రమే దూరును. కావున సమాధానము: ఆ కార్డు మీ పెట్టెలో పనిచేయుట అటుంచి, పెట్టెలో పట్టదు. మూత తీసి, కొలబద్ద పెట్టి, ఎస్.ఎం.పి.ఎస్. చీటీ చదివినవారికి ఈ సంగతి ఇంటిలోనే తెలియును. డబ్బు కట్టిన తరువాత తెలియనక్కరలేదు.

అట్లయిన సన్నపు పెట్టెకు దారి లేదా? ఉన్నది. వేరే తీగ లేకుండ గాడినుండి వచ్చు విద్యుత్తుతోనే నడచు కార్డులు కలవు. ఆర్‌టిఎక్స్ 3050, 6 జి.బి. రకము 2024లో వచ్చినది. 70 వాట్లు తినును. సెకనుకు 168 జి.బి. వేగము, అనగా ఆటోక్యాడ్ సిఫారసుకు మించినది. దానిలో సగముపట్టీ రకమును కొందరు తయారీదారులు చేసినారు. ఆర్‌టిఎక్స్ ఎ2000 కూడ 70 వాట్లదే, పుట్టుకతోనే సగమెత్తుది, 6 జి.బి., 12 జి.బి. రెండు రకములుగా వచ్చినది. ఇది వృత్తిపనివారి తరగతి కార్డు గనుక ధర యెక్కువ. కొత్తతరము కార్డు పాతతరము గాడిలో పనిచేయునా అని కొందరు సందేహింతురు. చేయును, కొద్దిగా వేగము తగ్గవచ్చును, అంతే.

వృత్తిపనివారి కార్డులన్న మాట వచ్చినది గనుక ఒక మాట చెప్పి విడిచెదను. ఆటోడెస్క్ వంటి కంపెనీలు ఏ కార్డు తమ సాఫ్ట్‌వేరుతో పరీక్షకు నిలిచినదో జాబితాలు ప్రకటించును. వందల గదుల ఆసుపత్రికో, విమానాశ్రయమునకో నమూనా చేయు పెద్ద ఆఫీసులకు ఆ ధ్రువీకరణ విలువైనది. మూడు పడకగదుల ఇంటికి అది అక్కరలేదని నా అభిప్రాయము. ఆటల కార్డుకే ‘స్టూడియో’ అను డ్రైవరు వేసికొన్న చాలును.

కంపెనీ యెంపికలో మాత్రము సాఫ్ట్‌వేరును ముందు తేల్చుకొనవలెను. వీ-రే సాధనము జి.పి.యు.తో చిత్రించు పద్ధతి చాలకాలముగా ఎన్విడియావారి క్యూడా అను ఏర్పాటుమీదనే నడచుచు వచ్చినది. అది వాడువారు ఎ.ఎం.డి. రేడియాన్ కార్డు చవుకగా వచ్చినదని కొన్నచో నష్టపోవచ్చును. ఉచితముగా లభించు బ్లెండర్ ఎన్విడియా, ఎ.ఎం.డి., ఇంటెల్, మూడింటితోను పొత్తు కుదుర్చుకొన్నది. అసలు కార్డు లేకపోయినను వీ-రే ప్రాసెసరుతో చిత్రింపగలదు. కాలము ఎక్కువ పట్టును. కాని కార్డు జ్ఞాపకము నిండిపోవుట అను బెడద ఉండదు. రాత్రి పడుకొనబోవుచు పని అప్పగించి తెల్లవారి చూచుకొనువారిని నేనెరుగుదును.

ల్యాపుటాపు కొనదలచినవారికి ఒక హెచ్చరిక. దానిలో కార్డు పేరు ఒకటే అయినను బలము ఒకటే కాదు. ఆర్‌టిఎక్స్ 4060 పేరుగల ల్యాపుటాపు గ్రాఫిక్స్‌కు తయారీదారు తన యిష్టము వచ్చినట్లు 35 వాట్లనుండి 115 వాట్లవరకు ఎంతైనను ఇయ్యవచ్చును. పేరు చూచి కాదు, వాట్లు చూచి కొనవలెను.

పాత కార్డులు కూడ అమ్మకమునకు వచ్చుచున్నవి. కుప్పమువారు రైలెక్కినచో కొద్ది గంటలలో బెంగుళూరు చేరి, ఎస్.పి. రోడ్డులో వీటిని చూడవచ్చును. 2022 సెప్టెంబరులో ఈథీరియం అను డిజిటల్ నాణెము కార్డులతో త్రవ్వు పద్ధతిని విడిచిపెట్టుటచేత, అంతవరకు రాత్రింబవళ్ళు మండిన కార్డులు అనేకము సంతకు చేరినవి. అన్నియు చెడ్డవని చెప్పలేము. కాని మీ సొంత ఫైలును పెన్‌డ్రైవులో తీసికొనిపోయి, అమ్మువాని యెదుట అరగంటసేపు నడిపించి చూడక డబ్బు ఇయ్యకుడు. బిల్లు, గ్యారంటీ లేని సరుకు ఎంత చవుకైనను మరల ఆలోచింపుడు.

కార్డు తెచ్చిన తరువాత ఒక పొరపాటు జరుగుటకు వీలున్నది. దానిని నా అనుభవమునుండి చెప్పుచున్నాను. మా అక్కగారి కుమారునికి ఒక కార్డు కొంటిమి. నేనే మూత తీసి, గాడిలో పెట్టి, స్క్రూలు బిగించి, విశ్వవిద్యాలయ పట్టభద్రుడనన్న గర్వముతో మూత వేసితిని. నెలరోజులు గడచినను కంప్యూటరు మునుపటివలెనే ఈడ్చుచుండెను. కార్డు మంచిది కాదని, అమ్మినవారిని నిందించుకొంటిమి. ఒకనాడు మేనల్లుడు బల్ల వెనుక పడిన పెన్సిలు కొరకు వంగి, “మామా, టీవీ తీగ పాత రంధ్రములోనే ఉన్నదే!” అన్నాడు. తెరనుండి వచ్చు తీగను క్రొత్త కార్డు రంధ్రమునకు మార్చక, మదర్‌బోర్డు రంధ్రములోనే ఉంచితిని. నెలదినములు ఆ కార్డు కూలి తీసికొనక, పని చేయక, పెట్టెలో కూర్చున్నది. అమ్మినవారికి మనసులోనే క్షమాపణ చెప్పుకొంటిని.

తీగ సరిగా ఉన్నదో లేదో, సాఫ్ట్‌వేరు కార్డును గుర్తించినదో లేదో చూచుటకు ఆటోక్యాడ్‌లో ‘గ్రాఫిక్స్‌కాన్ఫిగ్’ అను ఆజ్ఞ ఉన్నది. అది కార్డు పేరు చెప్పును. విండోస్ టాస్క్ మేనేజరులో జి.పి.యు. పుట తెరచి, పని జరుగుచుండగా కార్డు జ్ఞాపకము ఎంత నిండుచున్నదో చూడవచ్చును. కొనకముందు కూడ ఈ పరీక్ష చేయవచ్చును. కార్డుగల స్నేహితుల కంప్యూటరులో మీ పెద్ద ఫైలు తెరచి, ఎన్ని జి.బి. నిండినదో వ్రాసికొనుడు. మీకు కావలసిన కార్డు అంకె అదియే. దానికి పైన కొంత చేర్చుకొన్న చాలును.

కుప్పమునకు కంప్యూటరు క్రొత్త కాదు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము వెలసిన ఊరది. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వముతో కలిసి అక్కడ ఐ-కమ్యూనిటీ అను ప్రయోగము మొదలిడినది. ఆ ప్రయోగములో నాకు గుర్తుండిపోయినది స్వయంసహాయక బృందముల స్త్రీలకు డిజిటల్ కెమెరా, సూర్యశక్తితో నడచు చిన్న ప్రింటరు ఇచ్చి, గ్రామములలో ఫోటోలు తీసి సంపాదించుకొనుట నేర్పిన భాగము. కరెంటు నిలుకడలేని చోటికి, భుజాన వేసికొని పోగల సరుకునే ఇచ్చినారు.

జాబుకు నేను వ్రాసిన జవాబు పొట్టిదే. ముందుగా రెండవ ర్యాము పలక, ఎస్.ఎస్.డి. వేయించుడు. రాతి ఫోటోలను చిన్నవి చేసికొనుమని అమ్మాయికి చెప్పుడు. ఒక నెల చూచి, అప్పటికిని ఎలివేషను పని వచ్చుచునే ఉన్నచో 70 వాట్ల సగముపట్టీ కార్డు కొనుడు. పెద్ద కార్డు కావలసిననాడు దానికి తగిన పెట్టెయు, ఎస్.ఎం.పి.ఎస్.యు కలిపియే కొనవలెను. ఒక్క కార్డును కొనకుడు. గ్రానైటు కోత యంత్రములు దగ్గరలో ఉన్నచో ఆ ధూళి ఫ్యానులో చేరి కార్డును వేడెక్కించును. రెండు నెలల కొకమారు మూత తీసి ఊదించుడు.

ఈసారి జాబు అమ్మాయియే వ్రాసినది. ర్యాము, ఎస్.ఎస్.డి. వేయించిరట. ప్లానులు ఇప్పుడు తడబడక కదలుచున్నవట. ఎలివేషను బొమ్మ ఒక్కొక్కటి ప్రాసెసరుమీద నలుబది నిమిషములు తీసికొనుచున్నదట. ఆలోపల వంట ముగించుకొనుచున్నానని వ్రాసినది. కార్డు సంగతి వచ్చే గూళ్ళు అమ్మిన తరువాత చూతమని నాయన అన్నాడట. పెట్టె లోపలి కొలతలు వేసి పంపినది: గాడినుండి ముందుగోడకు 17 సెంటీమీటర్లు. ఆ నిడివికి లోబడిన సగముపట్టీ కార్డుల పేర్లు వ్రాసి, ప్రతిదాని కొలతయు చేర్చి, ఆమెకు పంపియున్నాను.